ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నారు?

‘సెల్యులార్ న్యూరోసైన్స్‌లో పోస్ట్‌డాక్ కావలెను. సినాప్స్ ఇమేజింగ్ మీద ఆసక్తి ఉండాలి. ప్రైమరీ న్యూరాన్ కల్చర్ చేసి ఉండాలి. లైవ్ ఇమేజింగ్, ఇమేజ్ అనాలిసిస్ తెలిసినవారికి ప్రాధాన్యం. మొదట రెండేళ్లు. పని బాగుంటే పొడిగింపు.’

ఇలాంటి ప్రకటనలు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. బోడుప్పల్‌లో ముగ్గురు కలిసి అద్దెకున్న ఫ్లాట్‌లో, థీసిస్ ఇచ్చేసి వైవా తేదీ కోసం చూస్తున్న స్కాలర్ దీన్ని ఎలా చదువుతాడో మనకు తెలిసిందే. ముందు ఏ దేశమో చూస్తాడు. తర్వాత ఏ యూనివర్సిటీ, ఆ తర్వాత జీతమెంత. దాన్ని రూపాయల్లోకి మార్చుకుంటాడు. మిగతా వరుసలు ఓసారి పైపైన చూసి, పాత సీవీలో తేదీ మార్చి పంపేస్తాడు.

ప్రకటన ఇచ్చినవాళ్లకు కావలసింది మీకు వచ్చిన పని. మీకు కావలసింది మీకు రాని పని. ఈ రెండింటికీ ఎక్కడ పొత్తు కుదురుతుందో చూసుకోకుండా సూట్‌కేసు సర్దుకున్నవాళ్లు, మూడేళ్ల తర్వాత అదే పనితనంతో మరో ప్రకటనకు సీవీ పంపుతుంటారు. అందుకే దరఖాస్తుకు ముందు కాగితం మీద ఒక్క వాక్యం రాయమంటాను: ‘నేను ఫలానాది నేర్చుకోవడానికి వెళ్తున్నాను.’ ఆ ఫలానా దగ్గర కలం ఆగిపోతే, ఇంకా కొన్నాళ్లు ఆగండి.

ఆ ఫలానా తెచ్చుకున్నవాళ్లు మన దగ్గర్లోనే ఉన్నారు. బోడుప్పల్ నుంచి ఉప్పల్ ఎక్స్ రోడ్డు మీదుగా వెళ్తుంటే హబ్సిగూడ చౌరస్తా రాకముందే సీసీఎంబీ తగులుతుంది. దాన్ని నిలబెట్టిన పుష్పమిత్ర భార్గవ చదివింది జీవశాస్త్రం కాదు. 1949లో లక్నోలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో డాక్టరేట్ తీసుకుని హైదరాబాద్ వచ్చారు. 1953లో అమెరికా వెళ్లి విస్కాన్సిన్‌లోని మెకార్డిల్ ల్యాబొరేటరీలో చార్లెస్ హైడెల్‌బర్గర్ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేరారు. 5-ఫ్లోరోయురాసిల్ అనే క్యాన్సర్ మందు పుట్టిన చోటు అది. రసాయనం తెలిసిన మనిషికి, ఆ రసాయనం కణంలోకి వెళ్లి ఏం చేస్తుందో చూసే పని అక్కడ అబ్బింది. తిరిగొచ్చాక తార్నాకలోని రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో, అంటే ఇప్పటి ఐఐసీటీలో, పనిచేస్తూ అక్కడి బయోకెమిస్ట్రీ విభాగం నుంచే 1977లో సీసీఎంబీకి అంకురార్పణ చేశారు.

అదే సంస్థకు తర్వాత డైరెక్టరైన లాల్జీ సింగ్‌ది ఇంకో తీరు. బనారస్‌లో పాముల క్రోమోజోముల మీద పీహెచ్‌డీ చేసి, 1974లో కామన్వెల్త్ ఫెలోషిప్ మీద ఎడిన్‌బరో వెళ్లారు. క్రోమోజోములను చూడడం వచ్చినవారు డీఎన్‌ఏ వరుసలను పట్టుకోవడం అక్కడ నేర్చుకున్నారు. కట్లపాము జాతి నుంచి వేరుచేసిన ఒక వరుస, 1987లో ఆయన హైదరాబాద్ వచ్చాక డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కు పనిముట్టయింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న సీడీఎఫ్‌డీ ఆ పనికి కొనసాగింపే. పరాయి దేశంలో పదమూడేళ్లంటే నా దృష్టిలో మరీ ఎక్కువే. కానీ ఏం తెచ్చుకోవడానికి వెళ్లారో అది తెచ్చుకున్నారు.

మెదడు మీద పనికి కూడా తిన్నని దారే ఉండాలని లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్, మైసూరులో బయోకెమిస్ట్రీ డాక్టరేట్ తర్వాత పోస్ట్‌డాక్ చేసింది అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో. అక్కడి నుంచి బెంగళూరు నిమ్హాన్స్‌కు వచ్చి మెదడు పరిశోధనలో స్థిరపడ్డారు. మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌కు తొలి డైరెక్టర్ ఆవిడే. కాబట్టి ‘నాది న్యూరో కాదు కదా, నన్నెవరు తీసుకుంటారు’ అని వెనకాడే బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ వాళ్లకు నా మాట: ముందు ప్రకటన పూర్తిగా చదవండి.

చదవాలంటే ఆ ల్యాబ్‌లో రోజూ జరిగేదేమిటో తెలిసుండాలి. సినాప్స్ అన్న పేరు పెట్టింది షెరింగ్టన్, 1897లో. అప్పటికి దాన్ని కళ్లారా చూసినవాళ్లు లేరు. రెండు నాడీకణాల మధ్య ఉండే ఆ సందు సుమారు 20 నానోమీటర్లు. మామూలు కాంతితో పనిచేసే మైక్రోస్కోప్, ఒకదానికొకటి 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపలేదు. ఈ హద్దును ఎర్నెస్ట్ అబే 1873లోనే తేల్చాడు. 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాకగానీ ఆ సందు బయటపడలేదు. అయితే దాని కింద పెట్టగలిగేది ప్రాణంలేని కణజాలాన్నే. బతికున్న కణంలో ఒక్కో ప్రొటీన్ కదలికను వెలుగులో పట్టుకోవడానికి జెల్లీఫిష్ నుంచి వచ్చిన జీఎఫ్‌పీ కావలసి వచ్చింది. దానికి 2008లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. అబే గీసిన హద్దును తెలివిగా దాటిన బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకు 2014లో ఇచ్చారు. మీరు వెళ్లబోయే ల్యాబ్ వీటన్నిటినీ కలిపి వాడుకుంటూ ఉంటుంది.

అక్కడి పనిని మూడు చేతుల పని అనుకోవచ్చు. మొదటిది కణాలను పెంచడం. ఎలుక గర్భంలోని పద్దెనిమిది రోజుల పిండం నుంచి హిప్పోక్యాంపస్ తీసి, కణాలను విడదీసి, పాలీలైసిన్ పూసిన గాజు కవర్‌స్లిప్పుల మీద పరుస్తారు. సినాప్సులు ముదిరి పనికొచ్చే స్థితికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఉగాది వచ్చినా, ఇంటర్‌సిటీలో ఊరికి టికెట్ దొరికినా, వాటి మీడియా మార్చాల్సిన రోజు మార్చాల్సిందే. రెండోది ఇమేజింగ్. ఎంత లేజర్ వేస్తే కణం బతుకుతుంది, ఎంత వేస్తే రంగు మాడిపోతుంది, గంటసేపు చూస్తుండగా ఫోకస్ ఎందుకు జారిపోతుంది, ఇవన్నీ చేతికి రావాలి. మూడోది లెక్క: వచ్చిన ఇమేజుల నుంచి నమ్మదగిన అంకె తీయడం.

మన స్కాలర్లలో చాలామందికి మొదటి చేయి గట్టిది. సరఫరా సరిగా లేని చోట, ఒక్కో సీసా యాంటీబాడీని పొదుపుగా వాడుకుంటూ నేర్చుకున్న చేయి కదా. కొత్త ల్యాబ్‌కు ఆ సంగతి మొదటి నెలలోనే తెలిసిపోతుంది. అక్కడే చిక్కు. ఎవరికి కల్చర్ బాగా కుదురుతుందో వాళ్ల చేతే ల్యాబ్ మొత్తానికీ కల్చర్లు పెట్టిస్తారు. అందులో దుర్బుద్ధి ఏమీ ఉండదు, బాగా చేసేవాళ్లకే పని వచ్చి పడుతుంది. మీరు కూడా పొగడ్తకు లొంగిపోతారు. రెండేళ్లు గడిచాక చూస్తే పది పేపర్లలో మీ పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది, మైక్రోస్కోప్ మాత్రం ఇంకా వేరే వాళ్లే ఆన్ చేస్తుంటారు. దీన్ని అడ్డుకోవలసింది చేరాక కాదు, ఇంటర్వ్యూలోనే.

మూడో చేయి సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే బోడుప్పల్ గదిలో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా ఇవాళే మొదలుపెట్టగలిగింది అదొక్కటే. ఫిజీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ దగ్గర సొంత ఇమేజులు లేకపోతే బయోఇమేజ్ ఆర్కైవ్‌లో ఎవరైనా దించుకునేలా పెట్టినవి ఉన్నాయి. ఒక రంగులో సినాప్సిన్, మరో రంగులో పీఎస్‌డీ-95 ఉన్న చదరపు ఇమేజ్ ఒకటి తీసుకోండి. సినాప్సిన్ ఉండేది సంకేతం పంపే వైపు, పీఎస్‌డీ-95 ఉండేది అందుకునే వైపు. రెండు చుక్కలూ కలిసిన చోటల్లా ఒక సినాప్స్ అని లెక్కపెట్టడం ఆనవాయితీ.

ఇప్పుడు థ్రెషోల్డ్ గీతను కొద్దిగా జరిపి చూడండి. ఎంత వెలుగుంటే చుక్క అంటామో చెప్పే గీత అది. కాస్త కిందికి దించితే వెలవెలబోయే మరకలన్నీ చుక్కలైపోతాయి. కాస్త పైకెత్తితే సగం మాయమవుతాయి. ఇమేజ్ మారలేదు, కణం మారలేదు, మీ అంకె మాత్రం మారిపోయింది. మందు వేసిన కవర్‌స్లిప్‌లో సినాప్సులు తగ్గాయని మీకు ముందే ఆశ ఉంటే, చేయి తెలియకుండానే ఆ గీతను అటు జరుపుతుంది. అందుకే గీత ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకుని, రాసిపెట్టుకుని, అన్ని ఇమేజులకూ అదే నియమం వాడాలి. ఏది మందు వేసింది, ఏది వేయనిది అన్నది లెక్క పూర్తయ్యేదాకా మీకు తెలియకూడదు. ఫైళ్ల పేర్లు మార్చిపెట్టమని రూమ్మేట్‌ను అడగండి. అతను సాఫ్ట్‌వేర్ వాడైతే ఇంకా మంచిది, టీ చల్లారేలోగా స్క్రిప్టు రాసిస్తాడు.

తర్వాత ఒక రంగు ఇమేజ్‌ను మాత్రం తొంభై డిగ్రీలు తిప్పి, రెండో దాని మీద పెట్టి మళ్లీ లెక్కపెట్టండి. నిజానికి ఇప్పుడు ఏ చుక్కకూ ఏ చుక్కతోనూ సంబంధం లేదు. అయినా కొన్ని కలుస్తాయి. కాకతాళీయంగా కలిసే పాలు ఎంతో ఇది చెబుతుంది. మీ మొదటి అంకె దీనికంటే స్పష్టంగా ఎక్కువ ఉంటేనే దానికి విలువ. 200 నానోమీటర్ల లోపు మైక్రోస్కోప్ చూపు మసకబారుతుందని పైన చెప్పుకున్నాం. రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడినంత మాత్రాన అవి 20 నానోమీటర్ల సందుకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్నాయని రుజువు కాదు. ఈ మాట తెలిసిన అభ్యర్థి ఇంటర్వ్యూలో నోరు విప్పిన ఐదో నిమిషానికే ఎదుటివాళ్లకు అర్థమవుతాడు.

ఇక ఉత్తరం. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలై ‘యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్’ మీదుగా ‘హార్డ్‌వర్కింగ్ అండ్ సిన్సియర్’ దాకా సాగే మెయిల్‌ను ఏ ప్రొఫెసరూ చివరిదాకా చదవరు. అదే మెయిల్ ఆయనకు ఆ వారంలో పది మంది పంపి ఉంటారు, పైగా అందులో ఒకరిద్దరు పక్క ల్యాబ్ పేరు తీసేయడం మరిచిపోయి ఉంటారు. మీ మెయిల్ నాలుగు పేరాలు దాటొద్దు. మొదటి పేరాలో వాళ్ల పేపర్లలో మీరు నిజంగా చదివిన ఒకదాని గురించి, అందులో మీకు తట్టిన ఒక సందేహం. పొగడ్త వద్దు, సందేహం చాలు. రెండో పేరాలో మీరు పీహెచ్‌డీలో కనుక్కున్నదేమిటో, పక్కింటి కామర్స్ అబ్బాయికి చెప్పినట్టు. మూడో పేరాలో ఇందాకటి వాక్యం: నాకు ఇది వచ్చు, ఇది రాదు, మీ దగ్గర ఇది నేర్చుకోవాలని ఉంది. రాదని చెబితే తీసుకోరేమోనన్న భయం మనవాళ్లకు ఎక్కువ. ఏం రాదో తెలిసినవాడు త్వరగా నేర్చుకుంటాడని ల్యాబ్ నడిపేవాళ్లకు తెలుసు. చివర, ఎప్పటి నుంచి చేరగలరో, రెఫరెన్సులు ఎవరో. మీరు స్వయంగా తీసిన మంచి ఇమేజ్ ఒకటి, స్కేల్ బార్‌తో, జతచేయండి.

రెఫరెన్స్ అనగానే మీ గైడ్ గారి సంగతి వస్తుంది. వెళ్తానంటే ఏమనుకుంటారో అని చివరి నిమిషం దాకా దాచడం, రెఫరెన్స్ అడిగే మెయిల్ నేరుగా ఆయనకు వచ్చాక కంగారు పడడం మన దగ్గర మామూలే. ఆర్నెల్ల ముందే వెళ్లి కూర్చుని చెప్పండి. ‘సార్, నేను లైవ్ ఇమేజింగ్ నేర్చుకోవాలనుకుంటున్నాను, ఎవరి దగ్గరకు వెళ్తే బాగుంటుందంటారు?’ అని అడిగితే, తొంభై పాళ్లు ఆయనే ఇద్దరు ముగ్గురు పేర్లు చెబుతారు. సలహా అడిగించుకున్న మనిషి ఉత్తరం కూడా మనసు పెట్టి రాస్తారు.

ఇంటర్వ్యూ అంటే వాళ్లు మిమ్మల్ని అడగడం ఒక్కటే అనుకుంటే సగం అవకాశం వదిలేసినట్టే. చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అన్నప్పుడు ‘నో సర్’ అని నవ్వి ఊరుకోకండి. మైక్రోస్కోప్‌కు స్లాట్ ఎలా దొరుకుతుంది, కొత్తవాళ్లకు ఎవరు నేర్పుతారు? కల్చర్లు ఎవరికి వారు పెట్టుకుంటారా, ఒకరే అందరికీ పెడతారా? ఈ ప్రశ్న తప్పక అడగండి, ఎందుకో పైన చెప్పాను. నేను వెళ్లిపోయేటప్పుడు ఈ ప్రాజెక్టులో ఏ భాగం నాతో తీసుకెళ్లొచ్చు? ఇంతకుముందు పనిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ చివరిదాని జవాబును వాళ్ల నోట విని వదిలేయకుండా, పాత సభ్యుల్లో ఇద్దరికి మీరే రాయండి. వాళ్లలో ఒక తెలుగువాడు ఉంటే ఫోన్‌లో గంట మాట్లాడతాడు. కాకపోతే ఆ గంటలో ముప్పావు భాగం అక్కడ ఇండియన్ స్టోర్ ఎంత దూరమో చెబుతాడు, మీరే దారి మళ్లించుకోవాలి.

డబ్బు మాట. ఇక్కడే ఉండి రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే కేంద్రం 2023 జనవరి నుంచి సవరించిన లెక్క ప్రకారం అనుభవాన్ని బట్టి నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు, వాటి మీద ఇంటి అద్దె. జేఆర్‌ఎఫ్ 37,000 దగ్గర మొదలయ్యే దారిలో ఇది మెట్టు పైనే. ఉప్పల్‌లోనో పోచారంలోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్న మీ బ్యాచ్‌మేట్‌తో పోల్చుకుంటే మాత్రం తలనొప్పే, ఆ పోలిక మానుకోండి. ఫెలోషిప్ నెలనెలా తారీఖుకు పడుతుందని ఈఎంఐలు పెట్టుకోకండి. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే చేరండి.

ఎవరో ఇచ్చే జీతం కంటే సొంత ఫెలోషిప్ తెచ్చుకుంటే ల్యాబ్‌లో మీ మాటకు బరువు పెరుగుతుంది. ఏం నేర్చుకోవాలో మీరే రాసుకున్న ప్రాజెక్టు కాబట్టి కల్చర్లకే కట్టేస్తారన్న భయమూ తగ్గుతుంది. వెల్‌కమ్ ట్రస్ట్, డీబీటీ కలిసి పెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. వాళ్ల ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ భారతదేశంలో పనిచేయాలనుకునేవాళ్ల కోసం. ఎంబో పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్ రెండేళ్ల దాకా, హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్‌ది మూడేళ్లు. ఈ రెండోది కొత్త దేశానికి వెళ్లి, ఇప్పటిదాకా చేసిన దానికి దూరంగా పనిచేసేవాళ్లకే ఇస్తారు. నా సలహా వాక్యానికి దానంత అతికే నిధి ఇంకొకటి లేదు. యూరప్‌కు మేరీ క్యూరీ ఫెలోషిప్ అయితే డాక్టరేట్ తర్వాత పరిశోధనలో ఎనిమిదేళ్లు మించకూడదు, వెళ్లబోయే దేశంలో గత మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండకూడదు. అన్నిటికీ హోస్ట్ ల్యాబ్ ఒప్పుకోలు ముందే కావాలి. అంటే గడువుకు నెల ముందు మెయిల్ పెడితే చాలదు. ఆర్నెల్ల ముందు నుంచే మాటలు నడుస్తుండాలి.

ఇంట్లో మాట దీనికంటే కష్టం. ‘ఇంక ఎన్నేండ్లు సదువుతవు బిడ్డా? డాక్టరేటు అయిపోయిందంటివి గదా!’ అంటుంది అమ్మ. దానికి సినాప్స్ గురించి చెప్పడం మొదలుపెడితే పని కాదు. ‘సదువు అయిపోయిందమ్మా. ఇది నౌకరే. రెండేండ్లకు కాయిదం రాసిస్తరు, జీతమిస్తరు. ఆ పని నేర్చుకుంటె ఈడికొచ్చి నా సొంత ల్యాబుకు అడుగొచ్చు’ అని అంకెలతో, గడువుతో చెప్పండి. పెళ్లి మాటలు నడుస్తుంటే అవతలివాళ్లకూ ఇదే లెక్క చెప్పండి. దాచిపెట్టి కుదిర్చిన సంబంధం తర్వాత పెట్టే చిక్కు ఏ మైక్రోస్కోప్‌కూ అందదు. ఆడపిల్లలకు ఇక్కడ ఇంకో ప్రశ్న ఎదురవుతుంది, ‘ఒక్కదానివే పోతవా?’ అని. అక్కడ ఉండేది ఎక్కడ, ఎవరితో, ల్యాబ్ నుంచి రాత్రి గదికి ఎలా వస్తారు అన్నవి ముందే తెలుసుకుని చెబితే సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగానికి కొంచెం మొండితనం కావాలి.

చేరే తేదీ, జీతం, ఎన్నాళ్లు, పొడిగింపు ఎవరి చేతిలో ఉంది, ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో రాతపూర్వకంగా వచ్చాకే ఇక్కడి గది ఖాళీ చేయండి. అమెరికా అయితే జే-1 వీసా షరతులు నిదానంగా చదవండి. ప్రభుత్వ నిధులతో వెళ్లినవాళ్లు తర్వాత రెండేళ్లు సొంత దేశంలో ఉండాలన్న నిబంధన మీకు వర్తిస్తుందో లేదో యూనివర్సిటీ ఆఫీసును మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

వెళ్లే ముందు పాత ల్యాబ్ లెక్క తేల్చాలి. నోట్‌బుక్కులు అప్పగించండి. ముడి ఇమేజులు ఏ హార్డ్‌డిస్క్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఒక పేజీ రాసివ్వండి. డీప్‌ఫ్రీజర్‌లో మీ పేరున్న డబ్బాల మీద చెరిగిపోయిన లేబుళ్లు మార్చండి. ఇంకా రాయని పేపర్లలో ఎవరి పేరు ఎన్నో స్థానంలో ఉంటుందో గైడ్ గారితో మాట్లాడి, ఆ మాటను అదే రోజు మెయిల్‌గా పంపించండి. ఇమేజులు ఎక్కడున్నాయో రాసిన ఆ పేజీ కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఏడాది తర్వాత రివ్యూయర్ ఒక కంట్రోల్ ఇమేజ్ అడిగితే, ఇక్కడి జూనియర్‌కు ఎక్కడ వెతకాలో ఫోన్‌లో చెప్పాల్సింది మీరే.